రాతి కొట్టులో నాడి వైద్యుడు

మేత భూముల చుట్టూ ముళ్లతీగ వచ్చాక, దానితో పాటే ఒక కొత్త గాయమూ వచ్చింది. 1874లో జోసెఫ్ గ్లిడెన్ అనే అమెరికన్ రైతు ముళ్లతీగకు పేటెంటు తీసుకున్నాడు. పాతికేళ్లు తిరక్కుండానే పడమటి రాష్ట్రాల్లో మైళ్లకు మైళ్లు ఆ తీగ పరుచుకుంది. కంచె బిగిస్తున్నప్పుడో, అందులో చిక్కుకున్న దూడను విడిపిస్తున్నప్పుడో కాపరి చేయి గీరుకునేది. రెండు రోజులకు చేయి మోచేతి దాకా వాచేది, ఎర్రటి చార ఒకటి పైకి పాకేది. మన ఊళ్లలో పెద్దవాళ్లు 'విషం ఎక్కుతోంది' అనేది దాన్నే. పెన్సిలిన్ ఇంకా పుట్టలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే రంపం బయటికి తీసే రోజులవి. చేయి పోతే కాపరికి బతుకుతెరువే పోయినట్టు.

ఆరెగాన్ రాష్ట్రపు తూర్పు భాగంలో, జాన్ డే అనే చిన్న ఊరి చుట్టుపక్కల ఉన్న కాపరులకు మాత్రం ఇంకో దారి ఉండేది. గుర్రం మీద ఊళ్లోకి వచ్చి, వాగు పక్కనున్న రాతి కొట్టు తలుపు తట్టేవారు. లోపల ఒక చైనా మనిషి వాళ్ల మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, చాలాసేపు మాట్లాడకుండా కూర్చునేవాడు. తర్వాత లోపలి గదిలోకి వెళ్లి ఏవో వేళ్లూ బెరళ్లూ తూచి, పొయ్యి మీద కాచి, నోట పెట్టుకోలేనంత చేదు కషాయం గిన్నెలో పోసి ఇచ్చేవాడు. ఆ మనిషి పేరు ఇంగ్ హే. ఊరివాళ్లు 'డాక్ హే' అనేవారు. 1880ల చివరి నుంచి 1940ల చివరి దాకా, దాదాపు అరవై ఏళ్లు ఆ కొట్టే ఆయన ఇల్లు, ఆసుపత్రి, గుడి.

కొట్టు పేరు కామ్ వా చంగ్. బంగారు పువ్వులా సిరులు విరియాలన్న శుభాకాంక్ష ఆ పేరులో ఉంది. కట్టడం మాత్రం ఆయన రాకముందు నుంచీ ఉన్నదే. సైన్యం వేసిన బండ్లబాట పక్కన వర్తకానికని 1860లలో కట్టారు. అక్కడి అగ్నిపర్వత రాయితో పేర్చిన మందపాటి గోడలు, చేతిరుమాలంత కిటికీలు, ఇనుప రేకు తాపిన తలుపు. తలుపు మీద తూటాల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. చైనావాళ్లుండే ఇంటికి అంత గట్టి తలుపు ఎందుకు కావలసి వచ్చిందో ఆ గుర్తులే చెబుతాయి.

1862లో ఆ చుట్టుపక్కల క్యాన్యన్ వాగులో బంగారం దొరికింది. అదే ఏడాది సముద్రానికి అవతల, దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఇంగ్ హే పుట్టాడు. ఆయనది టైషాన్ ప్రాంతం. రాళ్ల గుట్టలు, చాలీచాలని పంట, మధ్యలో తెగల కొట్లాటలు. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా వెళ్లిన చైనావాళ్లలో ఎక్కువమంది ఆ నాలుగైదు తాలూకాలంత మేర నుంచే వెళ్లారు. పాలమూరు నుంచి బొంబాయికో, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కో ఒకరి వెనక ఒకరు వెళ్లినట్టే, టైషాన్‌లోనూ ఇంటికొకరు పోయారు. ముందు వెళ్లినవాడు వెనకవాడికి దారి చూపేవాడు, అప్పు పుట్టించేవాడు, చేరగానే పని చూసిపెట్టేవాడు.

బంగారం కోసం వచ్చిన తెల్లవాళ్లు పైపై మట్టి కడిగేసి వేరే చోటికి వెళ్లిపోయేవారు. వదిలేసిన ఆ గనులను చైనావాళ్లు కొనుక్కుని, అదే ఇసుకను మళ్లీ ఓపిగ్గా కడిగి మిగిలిన రవ్వలు ఏరుకునేవారు. 1879 నాటి ఒక లెక్క ప్రకారం తూర్పు ఆరెగాన్ గనుల్లో తెల్లవాళ్లు 960 మంది ఉంటే చైనావాళ్లు 2,468 మంది. ఇంతమంది శ్రమ మీద బతుకుతున్న ఆ రాష్ట్రమే, అప్పటికి ఇరవై ఏళ్ల కిందట తన రాజ్యాంగంలో, అది అమల్లోకి వచ్చాక వచ్చే చైనావాడెవడూ భూమి గానీ గని గానీ సొంతం చేసుకోకూడదని రాసుకుంది. ఆచరణలో అన్నిచోట్లా అమలు కాకపోయినా, ఆ వాక్యం 1946 దాకా తొలగలేదు.

1882లో చైనా కూలీలు ఇక రాకూడదంటూ దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది. మరుసటి ఏడాదే హే తన తండ్రితో కలిసి అమెరికాలో అడుగుపెట్టి వాషింగ్టన్ ప్రాంతంలోని వాలా వాలాకు చేరాడు. అప్పటికే ఆయనకు ఊళ్లో భార్య, పిల్లలు ఉన్నారు. తండ్రి కొన్నాళ్లుండి తిరిగి వెళ్లిపోయాడు. కొడుకు 1887లో జాన్ డే వైపు బయల్దేరాడు.

ఎలాంటి కాలంలో బయల్దేరాడో కూడా చెప్పుకోవాలి. 1885లో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్ బొగ్గు గనుల దగ్గర తెల్ల కార్మికుల గుంపు 28 మంది చైనా కార్మికులను చంపి, వాళ్ల ఇళ్లు తగలబెట్టింది. అదే ఏడాది జాన్ డేకు రెండు మైళ్ల దూరంలోని క్యాన్యన్ సిటీలో చైనా పేట కాలిపోయింది. మళ్లీ అక్కడ కట్టుకోవడానికి ఊరివాళ్లు ఒప్పుకోలేదు. వాళ్లంతా మూటాముల్లె సర్దుకుని జాన్ డేలో ఉన్న ఈ రాతి కొట్టు చుట్టూ చేరారు. హే అక్కడికి వచ్చిన 1887లోనే ఆరెగాన్ సరిహద్దులో స్నేక్ నది లోయలో బంగారం కడుక్కుంటున్న చైనావాళ్లను ఒక ముఠా కాల్చి చంపింది. చనిపోయినవాళ్లు 34 మంది దాకా ఉంటారు. ఆ హత్యలకు ఒక్కరికీ శిక్ష పడలేదు.

అలాంటి చోట ఇరవై అయిదేళ్ల కుర్రాడు వైద్యుడిగా నిలదొక్కుకున్నాడు. అది ఒక్కడి వల్ల అయిన పని కాదు. జాన్ డేలో ఆయనకు లంగ్ ఆన్ అనే జతగాడు దొరికాడు. దాదాపు ఒకే వయసు, ఒకే ప్రాంతం, స్వభావాలు మాత్రం ఉత్తర దక్షిణాలు. లంగ్ ఆన్ చదువుకున్నవాడు, ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాడు, గుర్రప్పందేలంటే ప్రాణం, తెల్లవాళ్లతో ఇట్టే కలిసిపోయేవాడు. హే మితభాషి, దైవభక్తుడు, ఇంగ్లీషు అంతంతమాత్రం. 1888 ప్రాంతంలో వాళ్లిద్దరూ ఇంకొకరితో కలిసి కామ్ వా చంగ్ కొట్టును చేతిలోకి తీసుకున్నారు. ముందు గదిలో లంగ్ ఆన్ బియ్యం, టీ, బూట్లు, టపాకాయలు అమ్మేవాడు. చదువురాని కూలీలకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు, గనులకూ రైతులకూ కూలీలను కుదిర్చేవాడు. వెనక గదిలో హే నాడి పట్టేవాడు. రోగి చెప్పింది వైద్యుడికీ, వైద్యుడు చెప్పింది రోగికీ చేరవేసేది లంగ్ ఆనే. ఆయన లేకపోతే డాక్ హే పేరు చైనా పేట దాటేది కాదు.

నాడి పట్టడమంటే వాళ్ల పద్ధతిలో ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. రోగి చేతిని అరచేయి పైకి ఉండేలా చిన్న మెత్త మీద పెట్టిస్తారు. బొటనవేలి మొదట్లో మణికట్టు ఎముక చిన్నగా పొడుచుకు వస్తుంది కదా, ముందు మధ్యవేలు దాని పక్కన ఆనాలి. దానికి ముందు, అరచేతి వైపున చూపుడువేలు. వెనక, మోచేతి వైపున ఉంగరపు వేలు. మూడు వేళ్ల కింద మూడు స్థానాలు. ఎడమ చేతిలో వరుసగా గుండె, కాలేయం, మూత్రపిండాలు మాట్లాడతాయనీ, కుడి చేతిలో ఊపిరితిత్తులు, ప్లీహం, శరీరపు మూలాగ్ని మాట్లాడతాయనీ వాళ్ల శాస్త్రం. ఒక్కో చోటా మూడు రకాలుగా నొక్కాలి: ఈక తాకినంత తేలిగ్గా, కండ తగిలేలా, ఎముక తగిలేలా. గడియారం అక్కర్లేదు. వైద్యుడు తన ఊపిరినే కొలతగా పెట్టుకుంటాడు. ఆయన ఒకసారి ఊపిరి పీల్చి వదిలేలోగా రోగి నాడి నాలుగు సార్లో అయిదు సార్లో కొట్టుకుంటే అంతా బాగున్నట్టు. మూడుకు తగ్గితే లోపల చలి, ఆరుకు చేరితే వేడి. అందుకే నాడి పట్టేముందు వైద్యుడు తన ఊపిరి కుదుటపడేదాకా ఆగాలి. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినవాడు, కోపంలో ఉన్నవాడు నాడి చూడకూడదు. ఎదుటివాడి జబ్బు తెలియాలంటే ముందు తన గుండె నెమ్మదించాలన్న ఈ నియమం, చైనా వైద్యం మనకు చూపించే అందమైన విషయాల్లో ఒకటి.

మూడో శతాబ్దంలోనే వాంగ్ షూహె అనే వైద్యుడు నాడి మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాసి 24 రకాల నాడులను వర్ణించాడు. 1564లో లీ షిజెన్ ఆ సంఖ్యను 27కు పెంచాడు. నీటి మీద తేలే కట్టెలా పైపైన ఆడేది ఒకటి, బిగించిన వాయిద్యపు తీగలా గట్టిగా తగిలేది ఒకటి, పళ్లెంలో ముత్యాలు దొర్లినట్టు జారేది ఇంకొకటి. ఈ వర్ణనలు వినగానే తెలుగు పాఠకుడికి మన వైద్యులు గుర్తుకొస్తారు. తెలుగునేల మీద తరాల తరబడి వైద్యుల చేతిలో నలిగిన బసవరాజీయం మొదలయ్యేది కూడా నాడీ పరీక్షతోనే. మన వాళ్లకూ మూడు వేళ్లే. వాతం ఎక్కువైతే నాడి పాములా వంకర్లు తిరుగుతుందనీ, పిత్తం ఎక్కువైతే కప్పలా ఎగురుతుందనీ, కఫమైతే హంసలా మెల్లగా నడుస్తుందనీ చెప్పారు. వాళ్లు ఊపిరితో కొలిచారు, మనవాళ్లు జంతువుల నడకతో పోల్చారు. రెండు చోట్లా వేలి కొసకు చదువు నేర్పడానికి ఏళ్లు పట్టేది.

నాడితో పాటు ఇంకో మూడు పరీక్షలుండేవి. ముఖం రంగూ నాలుక మీద పూతా చూడటం, గొంతూ దగ్గూ వినడం, తిండీ నిద్రా దాహం గురించి అడగడం. హే పేరు మాత్రం నాడి మీదే నిలబడింది.

నాడి చూశాక లోపలి గది. ఈ గదే కామ్ వా చంగ్‌కు ప్రాణం. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా చెక్కపెట్టెలు, రేకు డబ్బాలు, ఖాళీ అయిన చుట్టల పెట్టెలు, కాగితపు పొట్లాలు. అయిదువందలకు పైగా రకాల మందులు ఆ గదిలో దొరికాయి. వేళ్లు, బెరళ్లు, గింజలు, పూలు సరే, ఎండిన బల్లులు, తాబేటి డిప్పలు, జింక కొమ్ములు, ఎలుగుబంటి పాదాలు కూడా ఉన్నాయి. సరుకు శాన్ ఫ్రాన్సిస్కో చైనా పేట మీదుగా వచ్చేది. తూచడానికి మన కంసాలి త్రాసులాంటిది కాకుండా ఒకే పళ్లెం, గీతలు గీసిన సన్నటి కోల, దాని మీద జరిగే చిన్న గుండు ఉన్న తూనికకోల వాడేవారు. ఎనిమిది పది మూలికలు కలిస్తే ఒక పొట్లం. అందులో ఒకటి జబ్బును పట్టే రాజు, ఒకటి దానికి మంత్రి, ఒకటి వీటి దుడుకు తగ్గించేది, చివరిది అన్నిటినీ కలిపి శరీరంలో చేరాల్సిన చోటికి తీసుకెళ్లే దూత. ఆ చివరి పని చాలాసార్లు అతిమధురానిదే.

అవును, మన పచారీ కొట్లో దొరికే అతిమధురమే. ఆ అరల్లో ఉండే సరుకు మనం అనుకున్నంత పరాయిది కాదు. చైనా వైద్యుడు వాడే శొంఠి, దాల్చినచెక్క, రేగు జాతి పళ్లు మనకూ తెలుసు. సుఖవిరేచనానికి మన మూలికల కొట్లో ఇచ్చే రేవల్చిన్ని వాళ్ల ముఖ్యమైన మందుల్లో ఒకటి, దాని పేరు చివర ఉన్నది చైనాయే. దాల్చిన అన్న మాట పారశీకంలో 'చైనా చెక్క' అనే అర్థం ఉన్న పదం నుంచి మన వంటింట్లోకి నడిచి వచ్చింది. అనంతపురం రైతు బత్తాయిని చీనీ అంటాడు. సముద్రం మీద మందులు, పళ్లు, మాటలు తిరిగిన దారులు మనుషులు గీసిన సరిహద్దుల కంటే చాలా పాతవి.

ఈ సరుకుల వెనక ఉన్న విద్య కూడా చిన్నది కాదు. నాడి గ్రంథం రాసిన లీ షిజెన్ దాదాపు ముప్ఫై ఏళ్లు ఊరూరా తిరిగి, వేటగాళ్లనూ చేపలు పట్టేవాళ్లనూ అడిగి, పాత పుస్తకాల్లో తప్పులు దిద్దుతూ 1,892 ఔషధ ద్రవ్యాలతో, పదకొండు వేల పైచిలుకు యోగాలతో మహాగ్రంథం కూర్చాడు. ఆయన 1593లో చనిపోయాడు. పుస్తకం 1596లో నాన్‌జింగ్‌లో అచ్చయి బయటికొచ్చింది. ఆయన కళ్లారా చూసుకోలేదు. ఆ సంప్రదాయపు ఒక పాయ మూడు శతాబ్దాల తర్వాత ఆరెగాన్ కొండల మధ్య ఒక రాతి గదిలో తేలడం చరిత్రలో చూడముచ్చటైన సంగతే.

తెల్లవాళ్లు ఆయన దగ్గరికి ఎందుకు వచ్చారు? దగ్గరలో ఇంకో వైద్యం లేక అనుకోవడానికి లేదు. ఆ ప్రాంతంలో డాక్టర్లున్నారు. కాకపోతే అప్పటి పాశ్చాత్య వైద్యం చేతిలో ఉన్నది కూడా కొద్దే. పాదరసపు విరేచనాలు, నల్లమందు, కత్తి. రక్తం విషమైతే కోసెయ్యడమే. సల్ఫా మందులు 1930లలో, పెన్సిలిన్ 1940లలో గానీ అందలేదు. అలాంటప్పుడు చేయి నిలిపిన మనిషి మాట నోటి నుంచి నోటికి పాకుతుంది. మన ఊళ్లలో 'ఆయన హస్తవాసి మంచిది' అంటే చాలు, పది కోసుల దూరం నుంచి బండి కట్టుకుని వస్తారు. డాక్ హే విషయంలోనూ అదే జరిగింది. ఆరెగాన్‌తో పాటు వాషింగ్టన్, ఐడహో రాష్ట్రాల నుంచి కూడా జబ్బు వివరాలతో ఉత్తరాలు వచ్చేవి. పొట్లాలు కట్టి టపాలో పంపేవారు.

ఇది డాక్టర్లకు నచ్చలేదు. 1889లో ఆరెగాన్‌లో వైద్యులకు లైసెన్సులిచ్చే బోర్డు ఏర్పడింది. లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని హే మీద ఫిర్యాదులు వచ్చాయి, కేసులు పెట్టారు. జ్యూరీలో కూర్చునేది ఊరివాళ్లే. వాళ్లలోనో, వాళ్ల ఇళ్లల్లోనో ఆయన కషాయం తాగినవాళ్లుంటారు. ఆ ఊరి జ్యూరీ ఏదీ ఆయనను దోషి అనలేదు. చైనావాడు భూమి కొనకూడదన్న రాజ్యాంగం కింద, 1892 నుంచి చైనా కూలీ ప్రతి ఒక్కరూ నివాస ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలన్న చట్టం కింద, పన్నెండుమంది తెల్లవాళ్లు ఒక చైనా వైద్యుడి పక్షాన నిలబడ్డారు. కరపత్రాలు, ఊరేగింపులు లేకుండా, మణికట్టు మీద మూడు వేళ్లు సంపాదించిన విశ్వాసం అది.

1918, 1919లో ప్రపంచమంతా ఫ్లూ జ్వరంతో అల్లాడినప్పుడు డాక్ హే దగ్గరికి వెళ్లినవాళ్లు బతికి బయటపడ్డారని జాన్ డే ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాటను ఊరి కృతజ్ఞతగా తీసుకోవాలి తప్ప వైద్య రుజువుగా కాదు. ఆయన మందుల్లో ఏది పని చేసింది, ఏది రోగి సహజశక్తి వల్ల నయమైంది అన్నది తేల్చడానికి అప్పట్లో ఎవరూ లెక్కలు రాసుకోలేదు. వేడి కషాయం, పథ్యం, విశ్రాంతి, రోజూ వచ్చి చెయ్యి పట్టుకునే మనిషి ఇవన్నీ కూడా వైద్యంలో భాగమే. చైనా మూలికల్లో నిజమైన బలం ఉందనడానికి రుజువులకు లోటు లేదు. మా హువాంగ్ అనే మూలిక నుంచి 1885లో జపాన్ శాస్త్రవేత్త నగాయి నగయోషి ఎఫెడ్రిన్‌ను వేరు చేశాడు, అది తర్వాత ఉబ్బసానికి మందైంది. నాలుగో శతాబ్దపు గే హోంగ్ పుస్తకంలో చింగ్ హావ్ ఆకును నీళ్లలో నానబెట్టి పిండి తాగమన్న మాట పట్టుకుని 1970లలో టూ యూయూ మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు దారి వేసింది, 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది 1897లో మన సికింద్రాబాద్‌లో. జబ్బు పాకే దారి ఇక్కడ కనబడితే దాని విరుగుడు వాళ్ల పాత పుస్తకంలో దొరికింది.

రెండో వైపు కూడా చెప్పాలి. పాతది కాబట్టి మంచిదే అనుకోకూడదు. 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్లు తగ్గడానికి ఇచ్చిన మాత్రల్లో ఒక చైనా మూలిక బదులు అరిస్టలోకియా జాతి వేరు కలిసి, వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అదే జాతి మొక్కలు మన ఈశ్వరి వేరు, గాడిదగడపాకు. మన పల్లెల్లో వాటిని ఇప్పటికీ నూరి తాగుతారు. ఈ విషయం చెప్పకుండా మూలికల గొప్ప మాత్రమే చెబితే చదివేవాళ్లకు అన్యాయం చేసినట్టే. నేర్చిన చైనా వైద్యుడు కూడా విషాన్ని విషంగానే చూసేవాడు. వాళ్లు వాడే నాభి జాతి దుంపను గంటల తరబడి ఉడికించి గానీ రోగికి ఇవ్వరు, మన వైద్యులు వత్సనాభిని శుద్ధి చేసి గానీ వాడనట్టే.

ఆ రాతి ఇంట్లో అన్నిటికన్నా గుండె బరువెక్కించేవి మందులు కావు, ఉత్తరాలు. టైషాన్ నుంచి ఇంటివాళ్లు రాసినవి. డబ్బు పంపమని, ఎప్పుడు వస్తావని, ఇంత కాలమైందేమని అడిగినవి. హే గానీ లంగ్ ఆన్ గానీ తిరిగి వెళ్లలేదు. కూలీల మీద ఉన్నంత గట్టి నిషేధం వర్తకుల మీద లేదు. కొట్టులో వాటాదారులుగా వాళ్లు వర్తకుల కిందికే వస్తారు. అయినా భార్యాబిడ్డల్ని తెచ్చుకోలేదు. వెళ్తే మళ్లీ రానిస్తారో లేదోనన్న భయం, నమ్ముకున్న రోగులు, పెరిగిన వ్యాపారం, ఇవన్నీ కలిసి ఏడాదిని ఇంకో ఏడాదికి తోసి ఉంటాయి. దుబాయ్ నుంచి 'వచ్చే పండక్కి వస్తా' అని ఇరవై ఏళ్లు చెప్పిన తండ్రుల ఇళ్లు మన జగిత్యాల వైపు ఎన్ని లేవు. 1917లో అమెరికా మూసిన తలుపు వెనక భారతీయులూ ఉన్నారు. ఆ ఏడాది చట్టం ఆసియాలో ఒక పెద్ద మేరను గీసి, అక్కడి కూలీలెవరూ రాకూడదంది. చైనావాళ్లపై నిషేధం 1943లో ఎత్తేశారు, అదీ ఏడాదికి 105 మందికి. మన వాళ్లకు 1946లో, వందమందికి. ఇవాళ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో గ్రీన్ కార్డు వరుసలో నిలబడ్డ తెలుగు కుటుంబానికి కామ్ వా చంగ్ ఉత్తరాలు పరాయివి అనిపించవు.

పేట క్రమంగా ఖాళీ అయింది. బంగారం అయిపోయింది, ముసలివాళ్లు కొందరు వెళ్లిపోయారు, కొందరు చనిపోయారు. చనిపోయినవాళ్ల ఎముకలను కొన్నేళ్ల తర్వాత తవ్వి తీసి, శుభ్రం చేసి, పెట్టెల్లో చైనాకు పంపే ఆచారం వాళ్లలో ఉండేది. ఇంటికి వెళ్లని మనుషులు అలా అయినా వెళ్లేవారు. లంగ్ ఆన్ మాత్రం కాలంతో పాటు నడిచాడు. కార్ల వ్యాపారం పెట్టాడు, స్థలాలు కొని అమ్మాడు. మద్యనిషేధ కాలపు విస్కీ సీసాలు డజన్ల కొద్దీ ఆ ఇంటి నేల కింద తర్వాత దొరికాయి.

1940లో లంగ్ ఆన్ చనిపోయాడు. అప్పటికే హే చూపు చాలావరకు పోయింది. కళ్లు పోయినా నాడి చూడటానికి అడ్డు లేదు. మందులు తీసివ్వడానికి బాబ్ వా అనే బంధువు వచ్చి తోడున్నాడు. 1948లో పడి తుంటి విరిగితే వైద్యానికని హేను పోర్ట్‌లాండ్ తీసుకెళ్లారు. కొద్ది రోజుల్లో వచ్చేస్తానన్నట్టే తలుపుకు తాళం వేసి వెళ్లారు. 1952లో ఆయన అక్కడి వృద్ధుల ఆశ్రమంలో కన్నుమూశాడు. ఎముకలు టైషాన్ వెళ్లలేదు. జాన్ డే శ్మశానంలో లంగ్ ఆన్ పక్కనే పూడ్చిపెట్టారు.

మ్యూజియం చెయ్యాలన్న షరతుతో 1955లో బాబ్ వా ఆ ఇంటిని ఊరికి రాసిచ్చాడు. ఊరు ఆ సంగతి మర్చిపోయింది. 1967లో పక్కన పార్కు పని వచ్చి, ఈ పాత ఇల్లు ఎవరిదని దస్త్రాలు తిరగేస్తే సొంతదారు ఊరేనని తేలింది. తాళం తీశారు. ఇరవై ఏళ్ల దుమ్ము కింద అంతా ఉన్నచోటే ఉంది. పొగకు నల్లబడ్డ కప్పు, అగరొత్తులు వెలిగించిన చిన్న పూజాపీఠం, వంటింటి పొయ్యి, కూలీలు పడుకున్న బల్లలు, అరల్లో మందులు. హే మంచం కింద ఒక పెట్టెలో రోగులు ఫీజు కింద ఇచ్చిన చెక్కులు దొరికాయి. అన్నీ కలిపితే సుమారు 23,000 డాలర్లు. ఒక్కటీ బ్యాంకులో వెయ్యలేదు. చాలా చెక్కులు 1930ల ఆర్థిక మాంద్యం నాటివి. ఆ రోజుల్లో వాళ్ల దగ్గర డబ్బు ఎక్కడిదని డాక్ హే వాటిని మార్చుకోలేదని ఊరివాళ్లు చెబుతారు.

ఇంటిని బాగుచేసి 1970ల చివర్లో మ్యూజియంగా తెరిచారు. 2005లో దాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు. ఇప్పుడు వచ్చినవాళ్లను చిన్న చిన్న జట్లుగా లోపలికి తీసుకెళ్తారు. మందుల గదిలో చైనా అక్షరాలతో పేర్లు రాసిన పెట్టెలు, వాటిలో ఎండి ముడుచుకున్న వేళ్లు అలాగే ఉన్నాయి. కొన్నిటిని ఇప్పటి వైద్యులు చూడగానే గుర్తుపట్టారు. కొన్ని చైనాలోనే ఇప్పుడు దొరకడం లేదు. కొన్ని ఏ మొక్కవో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఆ పెట్టెలనూ, వాటి మూత మీది రాతనూ కదిలించకుండా అదే అరలో ఉంచారు.